జీకేఎస్ మీద కొరియాలో పీజీ: గుంటూరులో ముందుగా తెమల్చుకోవాల్సిన పనులు

కొరియా ప్రభుత్వం విదేశీ విద్యార్థులకిచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ (జీకేఎస్) వస్తే మొదటి ఏడాదంతా కొరియన్ భాషే నేర్పుతారు, ఆ తరవాతే మాస్టర్స్. నోటిఫికేషన్ మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో పడుతుంది, గడువు కొద్ది వారాలే. అప్పుడు కాగితాల కోసం తిరగడం మొదలుపెడితే అందవు. అంతకు ముందు దసరాకే కదలండి.

మొదట పేర్లు సరిచూసుకోండి. ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. టెన్త్ మెమోలో ‘కె.’ అని ఇనీషియలే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. తల్లిదండ్రుల పౌరసత్వానికీ, వాళ్ళకూ మీకూ ఉన్న బంధుత్వానికీ రుజువు అడుగుతారు కాబట్టి అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉన్నా చిక్కే. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించండి. పాత బర్త్ సర్టిఫికెట్లలో చాలావాటికి బిడ్డ పేరే ఉండదు. కార్పొరేషన్‌లోనో పంచాయతీలోనో పేరు చేర్పించి కొత్త కాపీ తీసుకోవాలి.

తరవాత అపోస్టిల్, అంటే మన సర్టిఫికెట్ విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర. డిగ్రీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. శాఖ నేరుగా తీసుకోదు, అది గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. మన దగ్గర చాలామంది పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్)తోనే ఏళ్ళు గడిపేస్తారు. కాన్వొకేషన్ డిగ్రీకి యూనివర్సిటీలో ఇప్పుడే అప్లై చేయండి. సర్టిఫికెట్లకు ల్యామినేషన్ మాత్రం చేయించకండి, దాని మీద ముద్ర పడదు. పంపిన కాగితాలు తిరిగి రావు కాబట్టి ఒరిజినల్ డిగ్రీ మీ దగ్గరే ఉంచుకుని, అపోస్టిల్ అయిన ట్రూ కాపీ పంపండి.

మార్కులు 80 శాతానికి తగ్గకూడదు. పదికి 8.1 వచ్చింది కాబట్టి 81 శాతమని మీరే వేసుకుంటే చెల్లదు. సీజీపీఏని శాతంలోకి మార్చిన పత్రం నాగార్జున యూనివర్సిటీయో, మీరు చదివిన మరో యూనివర్సిటీయో ఇవ్వాలి.

కొరియా ఎంబసీ ద్వారా వేసే ఎంబసీ ట్రాక్, నేరుగా అక్కడి యూనివర్సిటీకి వేసే యూనివర్సిటీ ట్రాక్‌లలో ఒక్కదానికే అప్లై చేయాలి. రెండింటికీ వేస్తే అనర్హులవుతారు. ఎంబసీ ట్రాక్‌లో మూడు యూనివర్సిటీల దాకా ఎంచుకోవచ్చు, రెండోదాంట్లో ఒక్కటే.

ఇక భాష. ఆ మొదటి ఏడాదిలో టోపిక్ (కొరియన్ భాషా ప్రావీణ్య పరీక్ష) మూడో లెవెల్ తెచ్చుకోవాలి, అంటే టోపిక్-2 పరీక్షలో 300కి 120. అయిదో లెవెల్ ముందే ఉంటే భాషా కోర్సు అక్కర్లేదు. భాష ఎక్కడ నేర్చుకోవాలో స్కాలర్‌షిప్ వాళ్ళే నిర్ణయిస్తారు, అది మీ యూనివర్సిటీ ఊరు కాకపోవచ్చు. సున్నాతో వెళ్ళకండి. ఇక్కడుండగానే మొదటి మెట్టు పరీక్ష టోపిక్-1లో 200కి 140 తెచ్చుకుంటే రెండో లెవెల్ చేతిలో ఉన్నట్టే. క్రియ చివర రావడం, నామవాచకానికి వెనక ప్రత్యయం చేరడం తెలుగులాగే ఉంటాయి కాబట్టి వాక్య నిర్మాణం త్వరగా పట్టుబడుతుంది. కష్టపెట్టేది చెవి. ‘క’ లాంటి ధ్వనే మూడు రకాలు: మామూలుది, ఊపిరి ఊదేది, గొంతు బిగించి పలికేది. మూడోది మనకు కొత్త, కాబట్టి రోజూ కొంతసేపు విని రాయడం మీదే పెట్టండి.

సిఫార్సు లేఖ సీలు వేసిన కవర్లో ఉండాలి. కవరు అంటించిన చోట అడ్డంగా లేఖ రాసిన సార్ సంతకం పెట్టించండి. తెరిచిన కవరు చెల్లదు.