సిమెంట్ రాలేదా, మేస్త్రి రాలేదా? కాల్షియం తగ్గించి నాచు గుల్లను పరీక్షించడం ఎలా

కాల్షియం తగ్గిస్తే నాచుకి సున్నపు గుల్ల కట్టకపోవడం సరుకు లేకా, జీన్ ఆగిపోయా? అది తేల్చే ప్రయోగం ఇది. విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద గులాబీ రంగులో గరుకుగా ఉండే ఆంఫిరోవా నాచు తెచ్చి రెండు చుక్కల ఆసిడ్ వేస్తే బుసబుసా పొంగుతుంది, దాని ఒంట్లోని సున్నపు పదార్థం (కాల్షియం కార్బొనేట్) వల్లే. చూడ్డానికి బావుంటుంది కానీ ప్రాజెక్టుకి పెట్టుకోకండి, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒంటి నిండా సున్నపు పలకలు గుల్లలా కప్పుకునే ఏకకణ నాచు ఎమిలియానియా హక్స్‌లీ కల్చర్ తెప్పించుకోండి. ఇది రోజుకి దాదాపు ఒకసారి విభజన చెందుతుంది, పైగా దీని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) 2013లోనే వచ్చేసింది కాబట్టి ప్రైమర్లు (కావలసిన జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మనమే డిజైన్ చేసుకోవచ్చు. దీనికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. మా మొదటి బ్యాచ్ మే నెలలో ఒక ఆదివారం కరెంటు పోయి మొత్తం అడుక్కి చేరిపోయింది.

ఆర్.కె. బీచ్ నీళ్ళతో మీడియం (నాచు పెంచే ద్రావణం) చేయకండి. 35 ఉప్పదనం (కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు) ఉన్న సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, అంటే దాదాపు 10 మిల్లీమోలార్ ఉంటుంది, కానీ వానల తర్వాత నదుల నీళ్ళు కలిసి మన తీరంలో ఉప్పదనం పడిపోతే కాల్షియమూ దాంతోపాటే పడిపోతుంది. అందుకే కృత్రిమ సముద్రపు నీరు కలుపుకుని 10, 1, 0.1 మిల్లీమోలార్ అని మూడు ఫ్లాస్కులు పెట్టండి. కాల్షియం క్లోరైడ్ తగ్గించిన చోట ద్రవాభిసరణ పీడనం మారకుండా లీటరుకి 1 దానిలో 0.79 గ్రాములు, 0.1 దానిలో 0.87 గ్రాములు సోడియం క్లోరైడ్ అదనంగా వేయాలి.

ఇక్కడే మన ఊరి ఉక్కపోత దెబ్బ కొడుతుంది. కాల్షియం క్లోరైడ్ సీసా మూత రెండు రోజులు సరిగ్గా పెట్టకపోతే పొడి తడిసి ముద్దవుతుంది, 100 మిల్లీలీటర్ల 1 మోలార్ ద్రావణానికి కావలసిన 14.7 గ్రాముల డైహైడ్రేట్ తూచానని మీరు అనుకుంటారు కానీ అందులో కొంత నీళ్ళే. కాబట్టి 1 మోలార్ స్టాక్ (చిక్కటి ద్రావణం) చేసి, అందులో కొంచెం వంద రెట్లు పల్చన చేసి, రంగు మారి సూచించే మ్యూరెక్సైడ్ వేసి, కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏతో టైట్రేషన్ చేయండి, గులాబీ రంగు ఊదాకి తిరిగే చోట అసలు లెక్క తెలుస్తుంది. ఇంకోటి, బైకార్బొనేట్, కాల్షియం కలిపి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) పెడితే మీడియం మజ్జిగలా తెల్లబడుతుంది. 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టుకోవడమే మేలు.

నేను నెల రోజులు పోగొట్టుకున్న తప్పు చెప్తాను. పాత కల్చర్ 1 మిల్లీలీటరు తీసి 100 మిల్లీలీటర్ల 0.1 ఫ్లాస్కులో పోశాను. ఆ ఒక్క మిల్లీలీటరే ఇంకో 0.1 మిల్లీమోలార్ కాల్షియం మోసుకొస్తుంది, అంటే నా 0.1 కాస్తా 0.2 అయింది! కణాలను మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి, కాల్షియం లేని మీడియంతో కడిగి, ఏడెనిమిది విభజనలు అయ్యేదాకా ఆగండి, అప్పటికి పాత పలకలు పలచబడిపోతాయి. తర్వాత పోలరైజ్డ్ మైక్రోస్కోపులో చూస్తే గుల్ల ఉన్నవి మెరుస్తాయి. 0.1లో మామూలుగా నగ్నంగా ఉంటాయి, 1లో పలకలు సగంసగం కట్టినట్టు ఉంటాయి.

గుల్ల లేదు కాబట్టి జీన్ ఆగిపోయిందని రాసేయకండి. సిమెంట్ (కాల్షియం) రాకపోయినా గోడ లేవదు, మేస్త్రి (జీన్) రాకపోయినా లేవదు. తేల్చాలంటే ఆర్‌ఎన్‌ఏ తీసి, కాల్షియం, ప్రోటాన్లను పొరకి అటూ ఇటూ మార్చే సీఏఎక్స్3 లాంటి జీన్లు క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చూడండి, పోల్చుకోడానికి మారకుండా ఉండే రిఫరెన్స్ జీన్లు కనీసం రెండు పెట్టండి. ఆ తర్వాత 0.1 ఫ్లాస్కులో స్టాక్ పోసి 10కి తెచ్చి 1, 3, 6, 24 గంటలకి శాంపిల్ తీయండి. జీన్ ముందునుంచీ పైనే ఉండి గుల్ల మాత్రం వెంటనే వస్తే, మేస్త్రి అక్కడే కూర్చుని ఉన్నాడు, సరుకే లేదు. జీన్ తక్కువగా ఉండి కాల్షియం పోశాక ముందు అది లేచి, తర్వాత గుల్ల వస్తే, పిలుపు వెళ్ళాకే మేస్త్రి వచ్చాడన్నమాట. పక్కనే ఇంకో 0.1 ఫ్లాస్కు పెట్టి, దానిలో అంతే పరిమాణం 1.5 మోలార్ ఉప్పునీళ్ళు పోసి, అవే గంటలకి దాన్నుంచి కూడా శాంపిల్ తీయండి, ఎందుకంటే ఉప్పు పెరిగినందువల్లా, లైటు వేసిన టైముని బట్టీ కూడా జీన్లు పైకీ కిందకీ ఊగొచ్చు.