గాజు మీద రంగుల పని – 3వ పాఠం: ఓవెన్‌లోకి ఏవి వెళ్లాలి, ఏవి వెళ్లకూడదు

పోయిన పాఠంలో గాజు గ్లాసు చుట్టూ మెలికల ముగ్గు వేశాం. కాగితపు పట్టీని గ్లాసు చుట్టుకొలతకు కోసి, మూడుసార్లు సగానికి మడిచి, మడత మడతకూ చుక్క పెట్టి, దాన్ని గ్లాసు లోపల అంటించాం. బయటి వైపు అవుట్‌లైనర్‌తో, అంటే ఉబ్బెత్తు గీతలు గీసే చిక్కటి రంగు ట్యూబుతో, గీత తిప్పాం. చుక్కల్ని మాత్రం పెట్టకుండా ఖాళీగా వదిలేయమన్నాను. ఎందుకో ఇవాళ తెలుస్తుంది. పైఅంచు నుంచి రెండు సెంటీమీటర్ల మేర రంగు తగలకూడదని కూడా చెప్పాను. ఎవరైనా మరిచిపోతే ఇప్పుడే తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. పెదవి ఆనే చోట రంగు ఉండకూడదు, అది ఎంత మంచి రంగైనా సరే.

ముందు రంగు సీసా మీద ఏం రాసుందో ఇంకోసారి చూడండి. మన ఫ్యాన్సీ షాపుల్లో గ్లాస్ కలర్స్ పేరుతో దొరికేవాటిలో చాలావరకు ఫ్రేముల కోసం చేసినవి, ఆరితే చాలు, ఓవెన్‌తో వాటికి పని లేదు. మనకు కావలసింది కాల్చి గట్టిపరిచే రకం. పెబియో విట్రియా 160 అయితే 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు, అదే కంపెనీ పోర్సిలేన్ 150 అయితే 150 దగ్గర 35 నిమిషాలు. పేరులోని అంకే డిగ్రీలు, గుర్తుంచుకోవడం తేలిక. వేరే కంపెనీదైతే దాని సీసా మీదున్న లెక్కే మీ లెక్క.

ఓవెన్ కన్నా ముందు ఆరబెట్టడం. కనీసం 24 గంటలు. వేలితో తాకితే అంటుకోవట్లేదు కదా అని మోసపోవద్దు, పైపొర ఆరినా గీత లోపల తడి ఉంటుంది. ఓవెన్ వేడి నూరు దాటగానే ఆ నీరు ఆవిరై పైకి తన్నుతుంది. గీత మీద అప్పడం పొంగినట్టు బుడగలు లేస్తాయి. కాలాక ఇక సరిదిద్దడం ఉండదు. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలోనూ నేనైతే రెండు రోజులు ఆగమంటాను.

ఇక కాల్చడం. గ్లాసును చల్లటి ఓవెన్‌లోనే పెట్టాలి. కేకుకు చేసినట్టు ముందే వేడి చేయకూడదు. మధ్య అరలో, ఒకదానికొకటి తగలకుండా, రాడ్లకు దూరంగా సర్దండి. వేడి 160కి చేరాకే 40 నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. చాలామంది రంగు గోరుకు లేచిపోతోందని బాధపడేది ఇక్కడి పొరపాటు వల్లే. చిన్న ఓటీజీల, అంటే గట్టు మీద పెట్టుకునే కరెంటు ఓవెన్ల, నాబ్‌ను పూర్తిగా నమ్మలేం. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే మంచిది. వేడి ఎక్కువైతే ముందు తెలుపు పసుపురంగుకు తిరుగుతుంది, అదే గుర్తు. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్, అంటే ఓవెన్‌లా వేడి గాలితో కాల్చే పద్ధతి, మాత్రమే వాడండి. మామూలు మోడ్‌లో ఈ రంగు కాలదు, పైగా బంగారు రంగుల్లో లోహపు పొడి ఉంటే నిప్పురవ్వలు లేస్తాయి. కాల్చేటప్పుడు కొంచెం వాసన వస్తుంది, కిటికీ తీసిపెట్టండి. అదే సమయంలో లోపల తిండి వద్దు.

టైము అయ్యాక స్విచ్ ఆపి, తలుపు ముట్టుకోకండి. దీని గురించి నాకు అనుభవం ఉంది. గృహప్రవేశం కానుకకని ఆరు గ్లాసులు చేశాను. ఎలా వచ్చాయో చూద్దామని ఆగలేక తలుపు తీసి, గుడ్డతో పట్టుకుని ఒకటి గ్రానైట్ గట్టు మీద పెట్టాను. చిటుక్కుమంది. అడుగు నుంచి ముగ్గు మధ్యదాకా బీట. కానుక అయిదు గ్లాసులతోనే వెళ్లింది. గాజు లోపల వేడి నెమ్మదిగా కదులుతుంది, అందుకే చల్లటి గట్టు తగిలిన వైపు ముడుచుకుపోతుంటే రెండో వైపు ఇంకా సాగే ఉంటుంది. ఆ లాగుడుకే పగిలింది. అడుగు మందంగా ఉన్న గ్లాసులకు ఈ భయం మరీ ఎక్కువ. బోరోసిలికేట్ గాజు వేడికి సాగేది మామూలు గాజులో దాదాపు మూడో వంతే కాబట్టి కాస్త తట్టుకుంటుంది, అయినా దానికీ ఇదే పద్ధతి పాటించండి. నేనిప్పుడు రాత్రి భోజనాలయ్యాక కాల్చి, పొద్దున కాఫీ తాగాకే తీస్తున్నాను.

ఇప్పుడు అసలు సరదా పని, అంటించడం. పూసలు, కుందన్లు, అద్దాలు, ముత్యాలు అన్నీ ముందే అంటించేసి ఒకేసారి ఓవెన్‌లో పెట్టేద్దామనిపిస్తుంది. వద్దు. ప్లాస్టిక్ ముత్యాలు, యాక్రిలిక్ రాళ్లు నూరు డిగ్రీలు కాస్త దాటగానే మెత్తబడి వంగిపోతాయి. వెనక వెండి పూత ఉన్న గాజు రాళ్లు కరగవు గానీ పూత నల్లబడొచ్చు. రంగుతో పాటు కాల్చదగినవి పూత లేని చిన్న గాజు పూసలే. పచ్చిగా ఉన్న అవుట్‌లైనర్ చుక్కలో పూసను నొక్కితే, రంగు దాని రంధ్రంలోకి వెళ్లి పట్టుకుంటుంది. అదీ ముందు ఒక్క పూసతో, పనికిరాని జామ్ సీసా మీద పరీక్షించాకే.

రాయి గాజో ప్లాస్టికో తేల్చుకోవాలంటే స్టీలు పళ్లెంలో జారవిడవండి. గాజు టింగుమంటుంది. నమ్మకం కుదరకపోతే వెనక వైపు ఎర్రగా కాల్చిన సూది ఆనించండి, దిగబడితే ప్లాస్టిక్. పగిలిన చేతి గాజుల ముక్కలు వాడాలని కొందరికి ఉంటుంది. చిన్నప్పుడు ఆడుకోవడానికి దాచుకున్నవే కదా! మట్టిగాజుల ముక్కలు వాడొచ్చు, అంచుల్ని తడి ఎమెరీ కాగితం మీద రుద్ది మొద్దు చేయండి. లాడ్ బజార్ లక్క గాజుల ముక్కల్ని మాత్రం వేడి దగ్గరికి రానివ్వద్దు, 160 డిగ్రీల్లో లక్క కారిపోతుంది. ఏ గాజు ముక్కైనా కాల్చాక అంటించడమే నా పద్ధతి.

ముగ్గులో చుక్కల్ని ఖాళీగా వదిలింది ఇందుకే. రాయిని రంగు మీద అంటిస్తే, అది ఊడేటప్పుడు రంగును కూడా పీక్కుపోతుంది. ఖాళీ గాజు మీదైతే పట్టు బాగుంటుంది. చుక్క ఉండాల్సిన చోట రాయి కూర్చుంటుంది, మెలిక దాని చుట్టూ తిరిగి ఉంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల రాళ్లే తీసుకోండి, అంతకన్నా పెద్దవి గ్లాసు ఒంపు మీద ఊగుతాయి.

ఆ చోట దూదితో సర్జికల్ స్పిరిట్ రాసి ఆరనివ్వండి. రెండు ట్యూబులుగా వచ్చే ఎపాక్సీ జిగురును, పారదర్శకంగా ఉండే రకాన్ని, సమానంగా కలిపి అగ్గిపుల్ల కొనతో కొంచెమే పెట్టండి. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి గాజు మీద తెల్లటి మసకగా పేరుకుంటుంది. తువ్వాలును రెండు వైపులా చుట్టి మధ్యలో గ్లాసును పడుకోబెట్టి, పైకి కనిపించే రెండు చుక్కలకే రాళ్లు పెట్టండి. అవి బిగిశాకే గ్లాసు తిప్పాలి. తొందరపడితే రాళ్లు మెల్లగా కిందికి జారి, తెల్లారేసరికి గీత మీద కూర్చుని ఉంటాయి.

అన్నీ అంటాక ఒక రోజు వదిలేయండి. తర్వాత చేత్తోనే, మెత్తటి స్పాంజితో కడగాలి. నానబెట్టవద్దు, డిష్‌వాషర్ అసలే వద్దు.

వచ్చే పాఠానికి మెడ సన్నగా ఉన్న సీసా ఒకటి కడిగి, లేబుల్ జిగురంతా పోయేలా చేసి పెట్టుకోండి. ఒంపు తిరిగిన చోట కాగితపు పట్టీ కుదరదు, అక్కడ చెయ్యే కొలత.