ఇంటిల్లిపాదీ బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్లాలంటే

మాది బైండింగు పని. గవర్నరుపేటలో ఒక చిన్న షెడ్డులో నేనూ, మా ఆయనా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ కలిసి అచ్చయి వచ్చిన కాగితాలు మడిచి, కుట్టి, అట్టలు వేస్తాం. డిసెంబరు వస్తే మాకు నిద్ర ఉండదు. రాసినవాళ్లందరికీ తమ పుస్తకం జనవరి మొదటివారానికల్లా చేతికి రావాలి మరి. ఆ పని దింపుకున్నాక పిల్లలిద్దర్నీ, మా అత్తయ్యనీ తీసుకుని పుస్తక మహోత్సవానికి వెళ్తాను. నా చేత్తో మడిచిన కాగితం అక్కడ బల్లమీద కొత్త అట్టతో కనిపిస్తే, దగ్గరికెళ్లి ఒకసారి తడిమి చూసుకోకుండా ఉండలేను. పన్నెండేళ్లుగా వెళ్తున్నాను కాబట్టి, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంటివాళ్లకి పనికొచ్చే సంగతులు చెప్తాను.

ముందు చోటు సంగతి. ఈ మహోత్సవం 1989లో మొదలైంది. చాలా ఏళ్లు జనవరి 1 నుంచి 11 దాకా స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం ఉంది. 2025లో 35వ మహోత్సవం బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జనవరి 2 నుంచి 12 దాకా జరిగింది. కాబట్టి పాత జ్ఞాపకంతో ఆటో ఎక్కేయకండి. డిసెంబరు చివర్లో పేపరు తెరిచి తేదీలూ, చోటూ, వేళలూ చూసుకుని బయల్దేరండి.

ఆదివారం సాయంత్రం జనం బాగా ఉంటారు. ఆ సందడి అందంగానే ఉంటుంది కానీ, ఏడేళ్లవాణ్ణీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిణ్ణీ వెంటబెట్టుకుని స్టాళ్ల మధ్య నడవడం కష్టం. ఊళ్లోవాళ్లయితే పనిరోజున, బడి వదలగానే వెళ్లండి. ఆ వేళకి స్టాల్లో కూర్చున్నవాళ్లకి తీరిక ఉంటుంది. పిల్లాడు ఏదైనా అడిగితే లేచి వచ్చి తీసి చూపిస్తారు. పైఊరి నుంచి వచ్చేవాళ్లకి సంక్రాంతి సెలవులు మొదలయ్యాక మహోత్సవం ఇంకా ఒకటి రెండు రోజులుంటే అదే వీలు. పొద్దుగూకాక చలి పెడుతుంది, పిల్లలకి స్వెట్టరు, పెద్దవాళ్లకి శాలువా మర్చిపోవద్దు.

ఇక డబ్బు. పిల్లల డబ్బు పిల్లల చేతికే ఇవ్వండి. నేను చెప్పే వాటన్నిట్లో నాకు ముఖ్యమైంది ఇదే. మా షెడ్డులో పుస్తకాల అంచులు కోసినప్పుడు రాలే కాగితపు ముక్కలు గోతాల్లో నింపి అమ్ముతాం. అందులో కొంత ఏడాది పొడుగునా ఒక డబ్బాలో వేసి, జనవరిలో ఇద్దరికీ చెరి మూడువందలు ఇస్తాను. ఏం కొనాలో వాళ్లిష్టం. మొన్నటేడు మావాడు సాలీళ్ల మీద ఒక పల్చటి రంగుల పుస్తకం పట్టుకున్నాడు. నాకేమో నీతికథలు కొనిపించాలని ఉంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆ సాలీళ్ల పుస్తకం వాడు ఎంత చదివాడంటే, ఇప్పటికి రెండుసార్లు దానికి దారం వేసి కుట్టాను. నీతికథలు కొనిపించి ఉంటే అలమరలో ఉండేవి.

వెళ్లగానే కొనడం మొదలుపెట్టొద్దు. మొదటి చుట్టు ఊరికే చూడటానికి. పెద్దదాని చేతికి చిన్న నోటుబుక్కు ఇస్తాను, నచ్చినదాని పేరు, స్టాలు నంబరు, ధర రాసుకుంటుంది. ఇలా చేస్తే రెండో చుట్టులో సగం కోరికలు వాటంతటవే తగ్గిపోతాయి, మిగిలినవి నిజంగా కావలసినవి. చాలా స్టాళ్లలో 10 శాతం తగ్గిస్తారు. అడిగితే తప్పులేదు.

చిన్నపిల్లలున్నవాళ్లు ముందుగా నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాలు వెతుక్కోండి. వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో మంచి బొమ్మలతో తక్కువ ధరకే దొరుకుతాయి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థవాళ్లవీ చూడండి, ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పిల్లల పుస్తకాల్లో కొన్నిటిని వాళ్లు మళ్లీ వేశారు. అత్తయ్య టీటీడీ, గీతా ప్రెస్ పుస్తకాల దగ్గర ఆగుతుంది. ఆవిడకి పెద్దక్షరాలు కావాలి. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోతే ఆవిడ రావడమే దండగ, గుమ్మం దాటేముందు ఒకసారి అడగండి. విశాలాంధ్ర, ప్రజాశక్తి, ఎమెస్కో లాంటివాళ్ల దగ్గర మాత్రం నాకోసం ఒక అరగంట అట్టేపెట్టుకుంటాను.

కొనేముందు పుస్తకం చూసుకోవడం నేర్చుకోండి, ఇది మా పనివాళ్ల మాట. ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది. అలాంటి ఫారాలు వరసగా పేరిస్తే పుస్తకం. పేర్చేటప్పుడు చెయ్యి తప్పి ఒక ఫారం పోవచ్చు, లేదా ఒకటే రెండుసార్లు పడొచ్చు. అందుకని 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయో లేదో తిప్పి చూడండి, తేడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఒక ఏడు నేనే హడావుడిలో చూడకుండా అత్తయ్యకి నవల కొన్నాను. ఆవిడ రెండురోజులు చదివి, "అమ్మాయ్, వీళ్లిద్దరికీ పెళ్లెప్పుడయిందే?" అని అడిగింది. తీసి చూస్తే పెళ్లి జరిగిన ఫారమే లేదు! బిల్లు దాచాను కాబట్టి మర్నాడు వెళ్లి మార్పించుకున్నాను. బిల్లు అడిగి తీసుకోండి, చివరిరోజు దాకా పారేయకండి.

పసిపిల్లలకి కొనేటప్పుడు పుస్తకం వెన్ను, అంటే ఆకులన్నీ కలిపి కట్టిన అంచు, కూడా చూడండి. మధ్యలో పిన్ను కొట్టినవీ, దారంతో కుట్టినవీ ఎంత వెడల్పుగా తెరిచినా ఆగుతాయి. ఉత్త జిగురుతో అంటించినవి పిల్లలు నేలమీద పరిచి చదివితే ఆకులు ఊడొస్తాయి.

దీపాలు వెలిగేవేళకి వేదిక దగ్గరికి చేరండి. పుస్తకాలకి వెళ్లి పాటల దగ్గర కూర్చోవడమేంటి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మా అత్తయ్య బుర్రకథ విని అరవై ఏళ్లు పెరిగిన మనిషి, అచ్చులో చదివేకంటే చెవితో విన్నదే ఆవిడకి ఎక్కువ గుర్తు. గుమ్మెట మీద దెబ్బ పడగానే మావాడు ఆవిడ ఒళ్లో కూర్చుని కథకుడి పక్కన వంత పాడేవాళ్లతో కలిసి తందాన తాన అందుకున్నాడు. అక్కడ కూర్చునే పిల్లలు అప్పుడే కొన్న పుస్తకాలు తెరుస్తారు. కుర్చీలు త్వరగా నిండిపోతాయి, పెద్దవాళ్లని ఒక పది నిమిషాలు ముందే కూర్చోబెట్టండి. స్పీకరు పెట్టె పక్కన మాత్రం వద్దు.

పిల్లలకి అక్కడ పోటీలు కూడా పెడుతుంటారు. ఏ రోజు ఏదో ముందే కనుక్కుని పేరు ఇప్పించండి. మా పెద్దది తొమ్మిదేళ్లప్పుడు పద్యాల పోటీలో మూడోపాదం మర్చిపోయి, గౌను అంచు మెలిపెడుతూ నిలబడిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. ముందు వరసలో ఒక తాతగారు ఆ పాదంలో మొదటిమాట మెల్లగా అందించారు. ఇది అందుకుని చివరిదాకా చెప్పేసింది. బహుమతి రాలేదు కానీ, దిగొచ్చి ఆయన పక్కనే కూర్చుని మిగతా పిల్లలందరి పద్యాలూ విన్నది.

మహోత్సవంలో ఒకరోజు పుస్తకప్రియుల పాదయాత్ర ఉంటుంది. నడవగలిగిన పిల్లలుంటే తప్పకుండా కలవండి. అట్టముక్క మీద తమకి నచ్చిన మాట రాసుకుని పట్టుకోనివ్వండి.

జనంలో చెయ్యి వదిలితే ఏం చెయ్యాలో లోపలికి అడుగు పెట్టకముందే చెప్పండి. ఒకసారి నేను అట్ట తిప్పి చూసేంతలో మావాడు కనబడలేదు. ఆ ఐదు నిమిషాల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. మైకులో వాడి పేరు చెప్పించాక దొరికాడు. అప్పటినుంచి ఫోన్ నంబరు రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టి, తప్పిపోతే వేదిక దగ్గరికే రమ్మని చెప్తున్నాను.

తిండి ఆఖర్న పెట్టుకోండి. బజ్జీలో, పిడతకింద పప్పో తిన్న చేతులతో కొత్త కాగితం ముట్టుకుంటే ఆ నూనెమరక ఇక పోదు. తడిగుడ్డ ఒకటి సంచిలో ఉంచుకోండి. మంచినీళ్ల సీసా పుస్తకాల సంచిలో పెట్టొద్దు, అది వేరే.

ఇంటికొచ్చాక కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యకి విరవకండి. వెన్ను బల్లమీద నిలబెట్టి, రెండు అట్టలూ అటూ ఇటూ వాల్చండి. ముందునుంచి కొన్ని ఆకులు, వెనకనుంచి కొన్ని, వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యదాకా రండి. అప్పుడు వెన్ను పగలదు. తర్వాత పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, మొదటి పేజీలో తేదీ, కొన్నవాళ్ల పేరు రాయించండి. మా ఇంట్లో అత్తయ్య పుస్తకం మీద ఆవిడ పేరు మావాడే రాస్తాడు. ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చెప్తుంది.