ఏబీఎస్ లైటు ఆరడం లేదా? మాడ్యూలు కొనే ముందు చక్రాల దగ్గర చూడండి

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ఒక్కో చక్రం వేగాన్ని దాని దగ్గరున్న సెన్సరు కొలిచి మాడ్యూలుకు, అంటే పంపు, వాల్వులు, కంట్రోలర్ కలిసిన పెట్టెకు చెబుతుంది. తాళం తిప్పగానే మీటరు బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగి, రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా ఉండిపోయినా, నడుస్తుండగా వెలిగినా ఏబీఎస్ పని మానేసినట్టే. మామూలు బ్రేకులు పడతాయి, కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. ముందు బండికి దూరంగా, నెమ్మదిగా గ్యారేజీ దాకా వెళ్లొచ్చు.

ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే సంగతి వేరు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందో లేదో, బ్రేక్ ఆయిలు కింది గీత కన్నా తగ్గిందేమో చూడండి. తగ్గిందంటే ఎక్కడో లీకైనా ఉండాలి, ప్యాడ్లైనా అరిగి ఉండాలి. పోసి వదిలేస్తే కుదరదు. మట్టం బాగానే ఉండి రెండు లైట్లూ వెలుగుతుంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు వెనక చక్రాలు ముందే లాకై బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. అలాంటి బండిని నడపకండి, టోయింగ్ పిలవండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ తర్వాతి బండిలో తాళం తిప్పినప్పుడు ఈ లైటు క్షణమైనా వెలగలేదంటే, లోపం దాచడానికి ఎవరో దాన్ని పని చేయకుండా చేశారేమోనని అనుమానించండి.

మొదటి పని బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.7 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 ఉండాలి. వోల్టేజీ పడిపోతే ఏబీఎస్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ తర్వాత ఫ్యూజులు. పంపుకూ వాల్వులకూ పెద్ద ఫ్యూజులు బానెట్ కింది పెట్టెలో ఉంటాయి, కంట్రోలర్‌కు చిన్నది వేరే ఉంటుంది. ఏది దేనికో మూత మీది బొమ్మ చెబుతుంది. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ది వేయండి. మళ్లీ కాలితే షార్టు ఉన్నట్టు, అంతకన్నా పెద్దది వేస్తే వైరింగే కాలుతుంది.

ఇక స్కానర్, అంటే బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లను చదివే పరికరం. చవకగా దొరికే చాలా బ్లూటూత్ స్కానర్లు ఇంజను కోడ్లే చదువుతాయి. ఏబీఎస్ లోపలికి వెళ్లగలిగేది కావాలి. కోడ్ ఏ చక్రమో చెబుతుంది కానీ, ఆ సెన్సరే పాడైందని చెప్పదు. సిగ్నల్ సరిగ్గా రావడం లేదని మాత్రమే దాని అర్థం. అందుకే లైవ్ డేటా చూడాలి. ఒకరు 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడుపుతుంటే, పక్కన కూర్చున్నవాళ్లు నాలుగు చక్రాల వేగాలు చూడాలి. ఒకటి సున్నా దగ్గరే ఉండిపోయినా, మధ్యమధ్యలో పడి లేస్తున్నా దొంగ దొరికినట్టే. ఒక చక్రం ఎప్పుడూ కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుంటే సెన్సరును వదిలి టైరు సైజు, గాలి చూడండి.

ఇప్పుడు ఆ చక్రం దగ్గరికి. సమతల నేల మీద మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పండి. ఎక్కువ తప్పులు ఇక్కడే దొరుకుతాయి. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా వంగే చోట వైరు లోపల తెగి, పైకి బాగానే కనిపిస్తుంది. ఎలుకలు కొరికిన వైర్లు మన దగ్గర మామూలే. దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలే బురద సెన్సరు చుట్టూ గట్టిపడుతుంది. సముద్ర తీర ఊళ్లలో కనెక్టరు పిన్నులకు పచ్చ చిలుము పడుతుంది, సెన్సరు రంధ్రంలో పేరుకున్న తుప్పు దాన్ని కొద్దికొద్దిగా పైకి నెడుతుంది. సెన్సరుకూ, చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగుకూ మధ్య ఖాళీ సాధారణంగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. అది కాస్త పెరిగినా సిగ్నల్ బలహీనపడుతుంది.

మల్టీమీటరు పట్టే ముందు సెన్సరు ఏ రకమో తెలుసుకోండి. పాత రకం సెన్సరులో తీగ చుట్ట ఉంటుంది. దాని నిరోధం చాలా బండ్లలో వెయ్యి ఓములకు అటూ ఇటూ వస్తుంది. ఎడమ కుడి పోల్చి చూడటం మేలు. చక్రాన్ని చేత్తో తిప్పితే ఏసీ వోల్టేజీ కనిపించాలి. కొత్త రకం, అంటే కరెంటు అందితేనే పని చేసే యాక్టివ్ సెన్సరుకు ఓములు కొలవకండి, ఆ అంకెతో తేలేది లేదు, పైగా సెన్సరు దెబ్బతినొచ్చు. కనెక్టరు విప్పి, తాళం ఆన్ చేసి, వైరింగ్ వైపు వోల్టేజీ వస్తోందో చూడండి. చాలా బండ్లలో అది బ్యాటరీకి దగ్గరగా ఉంటుంది. రాకపోతే కొత్త సెన్సరు వేసినా లైటు ఆరదు.

బేరింగు మార్చిన వెంటనే లైటు వచ్చిందా? కొత్త బండ్లలో పళ్ల రింగుకు బదులు బేరింగు సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. ఆ వైపు సెన్సరుకు ఎదురుగా రావాలి, తిరగేసి బిగిస్తే సిగ్నలే రాదు. చిన్న స్టేపుల్ పిన్ను ఏ వైపు అంటుకుంటుందో చూస్తే పట్టీ ఎటుందో తెలుస్తుంది. పళ్ల రింగు ఉన్న బండిలో అది చిట్లితే, బండి ఆగబోయే క్షణంలో పెడలు అకారణంగా గడగడలాడుతుంది. ఇది సెన్సరు మార్చితే పోయే జబ్బు కాదు.

సెన్సరే పోయిందని తేలితే ఒకే బోల్టు విప్పాలి, ఎక్కువగా 10 నంబరు స్పానరు పడుతుంది. ఇరుక్కుంటే సుత్తితో కొట్టకండి. ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ అరగంట ఆగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. రంధ్రాన్ని ఎమరీ పేపరుతో శుభ్రం చేసి, కొత్తదాన్ని చేత్తోనే లోపలికి నొక్కండి. బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. వైరును పాత క్లిప్పుల్లోంచే తీసుకెళ్లండి, లేదంటే టైరుకు రాసుకుని నెలలోనే తెగుతుంది. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని చూడండి.

మాడ్యూలు వంతు అన్నిటికన్నా చివర. పంపు మోటారు కోడ్ వచ్చినా ముందు ఫ్యూజు, వోల్టేజీ, బాడీకి బిగించిన ఎర్త్ వైరు సరిచూడండి. వేరే బండి నుంచి తీసిన పాత మాడ్యూలు తెచ్చి తగిలిస్తే చాలా బండ్లలో కోడింగ్ చేయాలి, అంటే స్కానరుతో దాన్ని ఈ బండికి కుదర్చాలి, చాలావాటిలో లోపలి గాలి తీయడానికి స్కానరుతో పంపు నడపాలి. బ్రేక్ ఆయిలు మూత మీద రాసిన డాట్ 3 గానీ డాట్ 4 గానీ వాడండి, సిలికాన్ రకం డాట్ 5 పొరపాటున కూడా పోయకండి.

కోడ్లు చెరిపేసి బండి నడపండి. కొన్ని బండ్లలో వేగం 20 దాటి, నాలుగు చక్రాల సిగ్నల్ అందాకే లైటు ఆరుతుంది. ఆరాక, ఎవరూ లేని మట్టి దారి చూసుకుని, 30 వేగంలో బ్రేకు ఒక్కసారిగా గట్టిగా తొక్కండి. కాలి కింద పెడలు టకటకా కొట్టుకుంటూ, బండి పక్కకు లాగకుండా ఆగితే ఏబీఎస్ పని చేస్తున్నట్టు.