తీరం వెంట కెమెరా – 3: బొరియ ముందు కూర్చోవడం

పోయిన పాఠంలో బైనాక్యులర్ కళ్లకు సరిచేసుకోవడం చూశాం. ఈసారి కూర్చోవడం నేర్చుకుందాం. నవ్వకండి, సముద్రతీరంలో ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

మొదటిసారి బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్లినప్పుడు పొద్దున్నంతా ఇసుక పీతల వెంట పరిగెత్తాను. హైదరాబాద్ తిరిగొచ్చి చూసుకుంటే కార్డు నిండా బొరియలే, పీత ఒక్కటీ లేదు. వాటి కళ్లు కాడల చివర నిలబడి ఉంటాయి, చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. మన అడుగుల అదురు కూడా ఇసుకలోంచి తెలిసిపోతుంది. అందుకే బొరియకు మూడు నాలుగు మీటర్ల దూరంలో కూర్చుని, కెమెరా ముందే దాని నోటికి గురిపెట్టి, కదలకుండా ఉండాలి. కాసేపటికి కళ్లు పైకొస్తాయి. అప్పుడే తొందరపడి చెయ్యి ఎత్తారో, మళ్లీ లోపలికే. పూర్తిగా బయటికొచ్చి ఇసుక తోడటం మొదలుపెట్టాక నొక్కండి.

దీన్ని సాధన చేయడానికి రైలు టికెట్ అక్కర్లేదు. గండిపేట ఒడ్డునో, అమీన్‌పూర్ చెరువు దగ్గరో చలికాలం పొద్దున చూడండి, నీళ్ల అంచున వెనుక భాగం అదేపనిగా ఊపుతూ నడిచే చిన్న ఉల్లంకి పిట్ట కనిపిస్తుంది. ఇదే పిట్ట సముద్రతీరంలోనూ ఉంటుంది. అది వచ్చే దారి గమనించి, చాలా ముందుకెళ్లి నేల మీద కూర్చోండి. మేసుకుంటూ అదే మీ దగ్గరికి రావాలి. మేత ఆపి తల నిక్కించిందంటే దానికి మీరు ఎక్కువయ్యారని అర్థం. ఇంకో అడుగు వేయకండి. తీతువు అయితే ఆ శ్రమ కూడా ఇవ్వదు, అరిచి చెరువు మొత్తానికీ చెప్పేస్తుంది!

కూర్చోవడంలో ఇంకో లాభం ఉంది. కెమెరా పిట్ట కంటి ఎత్తుకు దిగితే వెనకున్న బురద, ప్లాస్టిక్ అంతా మసకబారిపోతుంది. నిలబడి తీస్తే పిట్ట నేలకు అతుక్కుపోయినట్టు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చిన్న ముక్కాలిపీట తెచ్చుకోండి, తప్పేం లేదు.

సెట్టింగుల విషయం క్లుప్తంగా. నడిచే పిట్టకు షట్టర్ వేగం 1/1000 సెకను, ఎగిరేదానికి 1/2000 సెకను. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ ఉంటే కెమెరా పొరబడి వెలుగు పెంచేస్తుంది, ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) ఒక మెట్టు తగ్గించండి. తీరంలో ఇది తిరగబడుతుంది. మెరిసే ఇసుకను చూసి కెమెరా చీకటి చేస్తుంది కాబట్టి అక్కడ కాస్త పెంచాలి. ఫోన్‌లో అయితే తెర మీద తాకి, సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపితే చాలు.

ఈ ఆదివారం హోంవర్క్: ఒకే పిట్ట, నలభై నిమిషాలు, ఒకే చోట. ఫొటో రాకపోయినా పర్లేదు. అది ఎన్నిసార్లు తల నిక్కించిందో, అప్పుడు మీరేం చేస్తున్నారో రాసుకోండి.

వచ్చే పాఠం ఆటుపోట్ల మీద. ఆటు, అంటే నీళ్లు తగ్గే వేళ, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. విశాఖలో రాళ్ల మధ్య గుంటలు చూడాలంటే ఆ లెక్క తెలియాలి. అలల హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. దాని సూచనలు చదవడం అప్పుడే చూద్దాం.