గుడి చీకట్లో ఫొటో: రా పెట్టాలా, జేపెగ్ పెట్టాలా?

నల్లగొండను ఆనుకున్న పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయానికి కెమెరాతో వెళ్తున్నారా? పగలంతా గర్భగుడిలో స్తంభం నీడ పడే గుడి అది. బయట మండే ఎండ, లోపల చీకటి. రెండూ ఒకే ఫొటోలో నిలవాలంటే ఫైల్ ఫార్మాట్ ముందే చూసుకోవాలి. రా అంటే కెమెరా సెన్సర్ (వెలుగును పట్టే చిప్) అందుకున్న సమాచారం, దాన్ని తర్వాత కంప్యూటర్‌లో మనమే ఫొటోగా మలుచుకోవాలి. జేపెగ్ అంటే కెమెరాయే తయారుచేసి, కుదించి ఇచ్చే ఫొటో.

1. మెనూలో ఇమేజ్ క్వాలిటీకి వెళ్లి 'రా ప్లస్ జేపెగ్' పెట్టండి. కార్డు తొందరగా నిండుతుంది, నిండనివ్వండి.

ఎందుకంటే, మామూలు కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగే అందుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. మిగతా రెండు రంగులను పక్క పిక్సెళ్లను బట్టి లెక్కగట్టాలి. జేపెగ్ అయితే ఆ లెక్క కెమెరాయే చేసి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగుల సర్దుబాటు), షార్ప్‌నెస్ కూడా తనే ఖాయం చేస్తుంది. తర్వాత బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాలను పారేస్తుంది. చివరికి ఒక్కో రంగుకు మిగిలేది 256 వెలుగు స్థాయిలే. 14 బిట్ రాలో 16,384 ఉంటాయి. నల్లరాతి మీది చెక్కడం ఆ తేడాలోనే దాగి ఉంటుంది.

2. అయ్యగారిని అడిగి, ఫ్లాష్ ఆపి తీయండి. ఫ్లాష్ పడితే ఇక నీడెక్కడిది! ఎక్స్‌పోజర్ ద్వారం దగ్గరి వెలుగును చూసి పెట్టండి. చీకటిని తర్వాత కొంత పైకి లాగొచ్చు, పూర్తిగా తెల్లబోయిన చోటును రా కూడా తిరిగి తేలేదు. ఒక కిటుకు: కెమెరా తెర మీది హిస్టోగ్రామ్ (వెలుగు, చీకట్ల గ్రాఫ్) సాధారణంగా జేపెగ్ రూపానిదే, కాబట్టి రాలో ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది.

3. కార్డు లైటు ఆరేదాకా కార్డు తీయొద్దు.

4. ఇంటికొచ్చాక రా ఫైల్‌ను కంప్యూటర్‌లో తెరవండి. నికాన్‌లో ఎన్‌ఈఎఫ్, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ, ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో రకం. కొత్త కెమెరా ఫైల్ పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోకపోతే టెన్షన్ పడకండి, అప్‌డేట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. షాడోస్ (చీకటి భాగాల వెలుగు) కొద్దిగా పెంచండి, మరీ లాగితే మచ్చలు తేలతాయి. అయ్యాక జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అసలు రా అలాగే ఉంటుంది.

పెళ్లి, పుట్టినరోజు ఫొటోలకు ఇదంతా అక్కర్లేదు, జేపెగ్ చాలు. వాట్సాప్‌లో మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది.