సెలవులకు పిల్లలు వస్తున్నారా? ఇంటి కాగితాల మీద సంతకం చేసే ముందు

డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్‌లో ఒక వ్యవహారం జోరుగా సాగుతుంది. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో పిల్లలు దిగుతారు. పెళ్లిళ్లు, తిరుపతి, పళ్ల డాక్టరు పోగా మిగిలిన ఒక పూట, భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు: "ఇల్లు కూడా వాళ్ల పేరు మీద పెట్టేస్తే ఓ పనైపోతుంది." ఎవరి మనసులోనూ దురుద్దేశం ఉండదు. తిరుగు విమానం తేదీ చూసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్లాటు పెట్టేస్తారు. చిక్కల్లా ఆ తొందరతోనే.

గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) రిజిస్టరై, మీరు జీవించి ఉండగానే పిల్లలు దాన్ని స్వీకరించారంటే యాజమాన్యం వాళ్లకు వెళ్లిపోయినట్టే. తర్వాత మనసు మారిందనో, కోడలితో పొసగలేదనో మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. మోసంతోనో బలవంతంగానో రాయించుకున్నారని నిరూపించాలి. లేదా ఫలానా సంఘటన జరిగితే దానం చెల్లదని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండాలి. వీలునామా సంగతి వేరు. మీ తదనంతరమే అది అమల్లోకి వస్తుంది, మనసు మారినప్పుడల్లా తిరగరాయవచ్చు, స్టాంపు సుంకం ఉండదు. అరవై దాటినవారు అడిగితే నేను చెప్పేది ఒకటే: వీలునామాతో తీరే పనికి గిఫ్ట్ డీడ్ వద్దు.

గిఫ్ట్ తప్పని సందర్భాలూ ఉంటాయి. పైన అంతస్తు వేయడానికి కొడుకు బ్యాంకు అప్పు తీసుకుంటున్నాడు, స్థలం అతని పేరు మీద ఉండాలని బ్యాంకు పట్టుబడుతోంది. అప్పుడు రాయండి, కానీ ఇలాంటి వాక్యాలు దస్తావేజులోనే ఉండాలి:

"దాత, దాత భార్య జీవించి ఉన్నంత కాలం ఈ ఇంటి కింది అంతస్తులో నివసించే హక్కు, అక్కడి అద్దె వసూలు చేసుకునే హక్కు వారికే ఉంటాయి. గ్రహీత వారిద్దరి భోజనం, వసతి, వైద్యం చూసుకోవాలి. ఈ షరతుకు లోబడే ఈ దానం చేయడమైనది. షరతు తప్పినచో దాత కోరిక మేరకు ఈ దానం రద్దగును."

దస్తావేజు లేఖరి దగ్గర ముందే తయారుగా ఒక నమూనా ఉంటుంది. అందులో "ప్రేమాభిమానములతో, ఎటువంటి షరతులు లేకుండా" అనే ముక్క దర్జాగా కూర్చుని ఉంటుంది. దాన్ని కొట్టేయించండి. "సొంత కొడుకు దగ్గర షరతులేమిటండీ, బాగుండదు" అని అక్కడే ఎవరో సన్నాయి నొక్కులు నొక్కుతారు. పట్టించుకోవద్దు. అనుభవ హక్కు, అంటే బతికున్నంత కాలం ఆ ఇంటిని వాడుకునే హక్కు, అట్టిపెట్టుకుని రాసిన గిఫ్ట్ చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది; ఆ కేసు వెళ్లింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే.

షరతు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007లో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి తీసుకుని ఆ తర్వాత చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. అయితే షరతు ఉన్నట్టు నిరూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో మరో కేసులో, చివరిదాకా చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లి పక్షాన నిలిచింది. అంతదూరం వెళ్లే అవసరం రాకుండా ఆ మాట దస్తావేజులోనే ఉంటే సరి. ఈ ట్రిబ్యునల్‌కు అధిపతి ఆర్డీఓ. కూకట్‌పల్లిలో ఉండేవారు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా వైపు, మణికొండలో ఉండేవారు రంగారెడ్డి జిల్లా వైపు చూసుకోవాలి.

అంతకంటే ముందు, ఆ ఇల్లు పూర్తిగా మీదేనా? భర్త వీలునామా రాయకుండా పోయిన హిందూ కుటుంబంలో ఆయన స్వార్జితంలో భార్యకు, పిల్లలకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు సమాన వాటాలు వస్తాయి. ఆ ముసలావిడ వాటా చాలామందికి గుర్తే ఉండదు. కాబట్టి అమ్మ ఒక్కతే సంతకం పెట్టి ఇల్లంతా చిన్నవాడికి ఇవ్వడం కుదరదు. పిత్రార్జితమైతే కూతుళ్లూ పుట్టుకతోనే సమాన హక్కుదారులని 2005 సవరణ చెబుతోంది; 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని మరింత ఖాయం చేసింది. "నాకేమీ వద్దు, తమ్ముడికే ఇవ్వండి" అని అక్క ఫోనులో అన్న మాట కాగితం మీద నిలవదు. ఆమె హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయాలి. రాలేకపోతే, విదేశంలో నియమం ప్రకారం ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది భారత్‌కు చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి.

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పొలమో ఫామ్‌హౌసో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విదేశాల్లో స్థిరపడిన పిల్లలకు ఇంటిని గిఫ్ట్‌గా ఇవ్వవచ్చు గానీ, వ్యవసాయ భూమినీ ఫామ్‌హౌస్‌నూ ఇవ్వడానికి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా మాత్రం అవి వాళ్లకు రావచ్చు. అంటే ఇక్కడ వీలునామాయే దారి.

వీలునామాకు తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. రేపు సంతకం మీద గొడవ వస్తే అదే ఆదుకుంటుంది. సాక్షులు మీకంటే చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మంచిది. మీ ఈడు మిత్రుణ్ని సాక్షిగా పెడితే, సాక్ష్యం చెప్పాల్సిన నాటికి ఆయన ఉంటాడో లేదో. ముస్లిం కుటుంబాల్లో మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయడం చెల్లదు. బ్యాంకులో నామినీగా ఒకరి పేరు రాశాం కదా అని ఊరుకోవద్దు. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప, ఆ ఒక్క కారణంతో యజమాని కాడు.

సెలవుల్లో కారు తాళాల సంగతీ చూసుకోండి. "అమెరికాలో పదహారేళ్లకే నడిపాడు కదా" అని మనవడికి తాతగారి కారు ఇచ్చేస్తారు. ఇక్కడ కారుకు 18 నిండాలి. మైనరు నడుపుతూ దొరికితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 31 రాత్రి పెద్దవాళ్లు నడిపితే మరో లెక్క: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే, మొదటిసారికే 6 నెలల దాకా జైలు, 10 వేల జరిమానా లేదా రెండూ.

ఆ కారు ఈమధ్యే కాలం చేసిన నాన్నగారి పేరు మీదే ఉందా? ఆయన పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, 3 నెలల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. బీమా పాలసీ మీద కూడా పేరు మార్పించండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ ముందుగా అడిగేది ఆ కాగితమే.